గెలాక్సీ ట్రక్కర్: ఇంటిల్లిపాదీ చాలాకాలం ఆడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, ఓడిపోతే మూతి ముడుచుకుని లేచిపోయేవాళ్లు మీ ఇంట్లో ఎక్కువమంది ఉంటే ఈ బోర్డు గేమ్ జోలికి వెళ్లకండి. మిగతావాళ్లు ధైర్యంగా కొనొచ్చు. కాకపోతే ఓడ కట్టే భాగంలో వేగానికి సంబంధించిన రూల్‌ని మీ ఇంటికి తగ్గట్టు కాస్త మార్చుకోవాలి, లేదంటే నలుగురిలో ఒకరు కట్టేయడం, మిగతా ముగ్గురు కంగారుపడటం, అంతే జరుగుతుంది.

తెలియనివాళ్ల కోసం సంగతేంటో రెండు ముక్కల్లో. కోడ్‌నేమ్స్ అనే పదాల ఆట చేసిన చెక్ డిజైనర్ వ్లాదా ఖ్వాతిల్ చేసిన ఆటే ఇదీ, 2007లో చెక్ గేమ్స్ ఎడిషన్ వేసింది. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. మీరు అంతరిక్షంలో సరుకు తోలే డ్రైవరు. కానీ బండి మీరే కట్టుకోవాలి, అదీ మురుగు పైపుల సామాను తయారుచేసే కంపెనీ ఇచ్చిన ముక్కలతో, ఇసుక గడియారం జారిపోతుండగా. కట్టాక అందరూ ఒకేసారి బయల్దేరతారు, దారిలో ఉల్కలు, దొంగలు, మహమ్మారి, ఒకటేమిటి, అన్నీ మీదపడతాయి. చివరికి మిగిలిన ఓడ, అందులో మిగిలిన సరుకు, వాటికొచ్చే క్రెడిట్లు, అంటే ఆటలో డబ్బు. పాత ఎడిషన్‌లో ఇలాంటి ప్రయాణాలు మూడు, ప్రతిసారీ ఓడ పెద్దదవుతుంది, వచ్చే కష్టాలూ పెద్దవవుతాయి.

కట్టే భాగం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఆట ప్రాణమంతా అక్కడే. బల్ల మధ్యలో చదరపు అట్టముక్కలు బోర్లా గుట్టగా పోస్తారు. మొదలు అనగానే వంతులూ గింతులూ లేవు, అందరూ ఒకేసారి, ఒంటి చేత్తో ఒక్కో ముక్క తీసి తమ బోర్డు దగ్గరికి తెచ్చుకున్నాకే తిప్పి చూడాలి. పనికొస్తే అతికించాలి, లేకపోతే వెల్లకిలా మళ్లీ మధ్యలో పడేయాలి, ఇక దాన్ని ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. రెండు ముక్కల దాకా పక్కన దాచుకోవచ్చు గానీ చివరికి వాడకపోతే అవి పోగొట్టుకున్న ముక్కల కింద లెక్క, ఒక్కోదానికీ ఒక క్రెడిట్ కట్టాలి. అంచుల్లో ఒంటి పైపు, జంట పైపు, దేనికైనా అతికే మూడు పైపులు ఉంటాయి. ఒంటిది జంటకి అతకదు, నున్నటి అంచు పక్కన ఏ పైపూ రాకూడదు. ఇంజిన్ వెనక్కే చూడాలి, దాని వెనక గడి ఖాళీగా ఉండాలి. గన్ను ముందు గడీ అంతే. తర్వాతి ముక్క మీద చెయ్యి పడిందంటే ముందుది వెల్డింగ్ అయిపోయినట్టే.

చదువుతుంటే సులువుగానే ఉంటుంది. కానీ గడియారం నడుస్తుంటే మాత్రం పెద్ద ఇంజనీర్ల బుర్ర కూడా పనిచేయదు. మా బావమరిది నిజంగానే మెషీన్ల మధ్య పనిచేసే మనిషి, అయినా జంట ఇంజిన్లు వరసగా మూడు పెట్టి ఒక్క బ్యాటరీ కూడా పెట్టకుండా "నేను రెడీ" అని బయల్దేరే వరసలో ఒకటో నంబరు పట్టుకున్నాడు. జంట ఇంజిన్ తిరగాలంటే ప్రతిసారీ ఒక బ్యాటరీ ఖర్చవ్వాలి కదా. శూన్యంలో ఎవరి ఇంజిన్ బలం వాళ్లు చూపించాల్సిన కార్డు రాగానే మా చిన్నోడు మామయ్య ఓడ మీదకి వంగి, "మామయ్యా, నీ దాంట్లో బ్యాటరీ ఏది?" అన్నాడు. ఇంజిన్ బలం సున్నా అయితే ఆ ప్రయాణం అక్కడితో సరి, ఉన్న సరుకు సగం ధరకి అమ్ముకోవాలి. మొదట బయల్దేరినవాడు మొదటే ఆగిపోయాడు.

కట్టడం అయ్యాక ఒకరి ఓడ ఒకరు తనిఖీ చేయాలి, తప్పుగా అతికిన ముక్కలు పీకేయాలి. నన్నడిగితే ప్రయాణం కంటే ఇదే ఎక్కువ సరదా. మా అత్తగారి కంట్లో ఏదీ తప్పించుకోదు. నిదానంగా కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అతుకూ వేలితో తడుముతూ, "ఇది ఒంటిది, ఇది జంటది, ఎలా కుదిరిందమ్మా?" అని మా ఆవిడని అడిగితే ఆవిడ దగ్గర సమాధానం ఉండదు. ఆ ఒక్క ముక్క తీస్తే దాన్ని పట్టుకుని వేలాడుతున్న మరో నాలుగు కూడా పోతాయి, ఓడ బయల్దేరకముందే సగం అయిపోతుంది.

ప్రయాణంలో జరిగేదంతా కార్డుల మీదే. గ్రహాలు వస్తాయి, ముందున్నవాళ్లు మంచి సరుకున్న గ్రహం ఎంచుకుంటారు, దిగితే రోజులు పోయి వెనకబడతారు. ఎరుపు సరుకు 4, పసుపు 3, ఆకుపచ్చ 2, నీలం 1. ఎరుపు ప్రమాదకరమైనది కాబట్టి దానికి వేరే రకం గది కావాలి, ఆ గది లేనివాళ్లు నాలుగు క్రెడిట్ల సరుకు కళ్లెదుట ఉన్నా వదిలేసి పోవాల్సిందే. స్మగ్లర్లు, బానిసల వ్యాపారులు, పైరేట్లు ముందున్న ఓడని మొదట పట్టుకుంటారు, వాళ్లని ఓడిస్తే బహుమతీ ముందున్నవాళ్లకే. అందుకే ముందుండటం లాభమో నష్టమో ఓడలో ఎన్ని గన్నులున్నాయో చూసుకుని చెప్పాలి.

ఇక ఉల్కలు. ఏ వైపు నుంచి వస్తుందో కార్డు చెబుతుంది, ఏ వరసలో తగులుతుందో రెండు డైస్ చెబుతాయి, ఆ ఒక్క రోల్ అందరి ఓడలకీ వర్తిస్తుంది. చిన్న ఉల్క నున్నటి అంచుకి తగిలితే ఏమీ కాదు, బయటికి వేలాడే పైపుకి తగిలితే షీల్డ్, దానికి బ్యాటరీ కావాలి, లేదా ఆ ముక్క పోతుంది. పెద్ద ఉల్కకి షీల్డ్ సరిపోదు, అటు చూస్తున్న గన్నుతో కాల్చాల్సిందే. ఒక చిన్న లెక్క చాలామంది పట్టించుకోరు. ఓడ మధ్య వరస నంబరు 7. రెండు డైస్‌తో వచ్చే 36 రకాల్లో ఆరు 7కే వస్తాయి, 6, 8 కి ఐదేసి. అంటే నడిమధ్య వరస ముందు ఒక గన్ను లేకపోతే అది మీరు చేతులారా తెచ్చుకున్న కష్టం. మా పెద్దమ్మాయి ఈ సంగతి పట్టేశాక ప్రతిసారీ మొదటి గన్ను అక్కడే పెడుతోంది, మిగతాది ఎలా ఉన్నా ఆ వరస మాత్రం కాపాడుకుంటుంది.

అయినా ఒకసారి దానికీ తప్పలేదు. ఓడని ఎడమ, కుడి రెండు రెక్కలుగా కట్టింది, కుడి రెక్కంతా, అంటే రెండు సరుకు గదులు, ఒక క్యాబిన్, షీల్డ్, మిగతా ఓడకి ఒకే ఒక్క ముక్కతో అతుక్కుని ఉంది. పక్క నుంచి వచ్చిన పెద్ద రాయి సరిగ్గా ఆ ముక్క మీద పడింది. ముక్క తీయగానే రెక్క మొత్తం ఊడిపోయింది, సరుకుతో సహా. ఓడ రెండుగా చీలితే ఏ భాగంతో ముందుకెళ్లాలో మీరే ఎంచుకోవచ్చు, మనుషులున్న భాగం కావాలంతే. కాసేపు నోట మాట రాలేదు దానికి, తర్వాత తనే పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఈ ఆట నచ్చేదీ నచ్చనిదీ ఇక్కడే తేలిపోతుంది. కష్టపడి కట్టినది ముక్కలవుతుంటే నవ్వొస్తుందా, మంటెత్తుతుందా? మా ఆవిడకి మొదట్లో మంటెత్తేది. "ఇంత చూసి కట్టింది ఒక్క డైస్‌తో పోవడమేంటి" అనేది, అందులోనూ న్యాయం ఉంది. డైస్ కరుణించకపోతే ఎంత బాగా కట్టినా దెబ్బ తప్పదు, అదృష్టం ఉండకూడదనుకునేవాళ్లకి ఇది పడదు.

రూల్స్‌లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. చివర్లో ఒక్క క్రెడిట్ అయినా మిగిలినవాళ్లంతా గెలిచినట్టే, ఎక్కువ ఉన్నవాళ్లు ఇంకాస్త ఎక్కువ గెలిచినట్టు. పిల్లలున్న ఇంట్లో ఈ మాట ఎంత పనికొస్తుందో చెప్పలేను. మా చిన్నోడికి మూడు క్రెడిట్లు మిగిలినా "నేనూ గెలిచా" అని చెప్పుకుంటాడు, రూల్ ప్రకారం అది నిజమే కాబట్టి ఎవరూ కాదనరు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. వేగం. ముందు ముగించినవాళ్లకి మంచి స్థానం, గడియారం చివరిసారి తిప్పే హక్కూ వాళ్లదే, నెమ్మదైనవాళ్ల మీద ఒత్తిడి రెండింతలు. ఆట బాగా వచ్చిన ఒక్కరు బల్ల దగ్గరుంటే చాలు, కొత్తవాళ్లు సగం ఓడతో బయల్దేరాల్సి వస్తుంది. అది ఒకసారి నవ్వు తెప్పిస్తుంది, రెండోసారి కాదు. మేము చేసిన మార్పులివి: ఇసుక గడియారం చిన్నోడు మాత్రమే తిప్పాలి. బావమరిదీ నేనూ ఎడం చేత్తోనే తీయాలి (ఎలాగూ ఒంటి చేత్తో తీయమనేగా రూలు, ఏ చెయ్యో మేం నిర్ణయించుకున్నాం). చిన్నోడు పది ముక్కలు అతికించేదాకా పెద్దవాళ్లు గుట్టని ముట్టుకోకూడదు. ఈ మూడింటిలో ఎడం చేతి రూలే అన్నిటికంటే బాగా పనిచేసింది, టెన్షన్ తగ్గకుండానే అందరూ దాదాపు ఒకే వేగానికి వచ్చారు.

మా అత్తగారైతే వేగం గొడవే పెట్టుకోరు. కట్టే సమయంలో రాబోయే కార్డుల నాలుగు కట్టల్లో మూడు తీసి చూడొచ్చు, ఆ సమయం కట్టడంలో నుంచి పోతుందంతే. ఆవిడ తీరిగ్గా మూడూ చూసేసి గుర్తుపెట్టుకుంటారు, ఓడ చిన్నదే కడతారు, కానీ రాళ్లు ఎటు నుంచి వస్తాయో అటే గన్నులుంటాయి. మనవడి మీద ప్రేమ ఎక్కువైతే "ఎడమ పక్క చూసుకో నాన్నా" అని గొణుగుతారు, మేం గొడవ చేస్తాం. ఎక్కువ క్రెడిట్లతో ముగించేది చాలాసార్లు ఆవిడే.

ఇంకొన్ని చిన్న విషయాలు. మహమ్మారి కార్డుని తేలిగ్గా తీసుకోకండి, మనుషులున్న క్యాబిన్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ఒక్కోదాంట్లో ఒకరు పోతారు, కాబట్టి క్యాబిన్లని విడగొట్టి కట్టడం మంచిది. ఊదా రంగు గ్రహాంతరవాసి గన్నుల బలానికి రెండు కలుపుతాడు, గోధుమ రంగువాడు ఇంజిన్లకి రెండు, పిల్లలకి వీళ్లంటే పిచ్చి. కానీ వాళ్ల క్యాబిన్ పక్కన వాళ్లకి తగిన ప్రాణవాయువు ముక్క ఉండాలి, అది పోతే వాడూ పోతాడు. బ్యాటరీలు, మనుషుల బొమ్మలు, సరుకు ఘనాలు చిన్నచిన్నవి, గిన్నెల్లో వేసుకోకపోతే బల్ల కింద వెతుక్కోవాలి. ఇన్నాళ్ల వాడకంలో మా ముక్కల అంచులు మెత్తబడ్డాయి, అందరూ ఎగబడి లాక్కునే అట్ట కదా, ఆటకి మాత్రం అడ్డు రాలేదు.

ఇద్దరే అయితే నేను పెద్దగా సిఫారసు చేయను. ముక్కల కోసం పోటీ ఉండదు, ముందూ వెనకా అనే లెక్క చప్పగా ఉంటుంది. ముగ్గురు బాగుంటుంది, నలుగురు అయితే చెప్పక్కర్లేదు. ఓడ మధ్యలో పోయినవాళ్లు ఆ ప్రయాణం అయ్యేదాకా ఖాళీగా కూర్చోవాలి, అదొక లోటే, మా ఇంట్లో వాళ్లకి డైస్ వేసే పని అప్పజెబుతాం.

ఏది కొనాలంటే, కుటుంబానికి 2021లో వచ్చిన రెండో ఎడిషన్ మేలు. అందులో ఒకే ప్రయాణంతో ఆట ముగించుకోవచ్చు, మూడు ప్రయాణాల పొడవైన ఆట కావాలన్నా అందులోనే ఉంది. పిల్లలు నిద్రకి తూగే వేళ మూడో ప్రయాణం, అతి పెద్ద ఓడ, అతి పెద్ద రాళ్లు, ఇదంతా మాకు ఎప్పుడూ కుదరలేదు. మొబైల్ యాప్ 2014లో వచ్చింది, అందులో గడియారం లేకుండా వంతులవారీగా కట్టే పద్ధతి కూడా ఉంది, వేగమంటే భయపడేవాళ్లకి ముందు అది ఆడిస్తే ముక్కలు అలవాటవుతాయి. 2008 నాటి ది బిగ్ ఎక్స్‌పాన్షన్ పాత ఎడిషన్‌కి అయిదో మనిషిని కలుపుతుంది, కొత్త రకం ముక్కలూ కలుపుతుంది. మేము దాన్ని ఎప్పుడో గాని తీయం, చిన్నోడికి ఉన్న ముక్కలే చాలా ఎక్కువ. ఇంట్లో అయిదుగురు ఆడేవాళ్లు ఖాయంగా ఉంటే చూడండి, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.