ముప్పై దాటాక నర్సింగ్: ఏఎన్ఎం మేలా, జీఎన్ఎం మేలా?

మా వీధి చివర బట్టలు కుట్టే చెల్లె మొన్న ఇంటికొచ్చింది. 33 ఏళ్లు, ఇంటర్ సీఈసీ, ఇద్దరు బడిపిల్లలు. "అక్కా, నువ్వు టీచర్ పని ఇడిసిపెట్టి నర్సువైనవ్ గదా, నేనేం చదవాలె?" అని అడిగింది. చేతిలో ఒక పాంప్లెట్. ఆరు నెలల్లో నర్సింగ్, ఉద్యోగం గ్యారంటీ అని ఉంది దాని మీద.

ముందు ఆ పాంప్లెట్ సంగతి. నల్లగొండలోనే మేడ మీద రెండు గదుల్లో నడిచిన అలాంటి కోర్సుకు నేను 20 వేలు కట్టాను. బీపీ చూడటం, పక్క సర్దడం, రోగిని ఒత్తిగిలేట్టు తిప్పడం నేర్పారు. ఆ పనిని తక్కువ చేయను. మంచాన పడ్డ పెద్దవాళ్లకు అది చేసేవాళ్లే దిక్కు. కానీ దాంతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేనిదే నర్సు కాలేమని నాకు డబ్బు కట్టాకే తెలిసింది. ఏ కోర్సైనా సరే, ఆ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టాలి.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బైపీసీ చదివి, ఆ నాలుగేళ్లూ ఇల్లు గడిచే దారి ఉన్నవాళ్లకు అదే మంచిది. సీఈసీ చదివిన చెల్లెకు ఆ తలుపు తెరుచుకోదు.

ఇక మిగిలినవి రెండు. ఏఎన్ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్లు. రెండింటికీ ఇంటర్ ఏ గ్రూపైనా పనికొస్తుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం రెండింటికీ 35 ఏళ్లు దాటకూడదు.

ఏఎన్ఎం పని ఊళ్లలో ఉంటుంది. సబ్‌సెంటర్ (ఊళ్లోని చిన్న ఆరోగ్య కేంద్రం), గర్భిణుల పేర్ల నమోదు, ఆరు, పది, పద్నాలుగు వారాలకు పసిపిల్లల తొడకు వేసే టీకాలు, ఇంటింటి తిరుగుడు. ఎక్కువగా పగటి పనే. పిల్లల తల్లికి అది చిన్న విషయం కాదు. అయితే పెద్ద దవాఖానలో స్టాఫ్ నర్సు కావాలంటే ఆ చదువు చాలదు.

నేను 32వ ఏట జీఎన్ఎంలో చేరాను. మొదటి ఏడాది అనాటమీ అంతా ఇంగ్లిష్‌లో. తెలుగు మీడియంలో చదివిన నేను ఎముకల పేర్లు వంటింటి గోడకు అంటించుకొని కూర వండుతూ బట్టీ పట్టాను. కానీ వార్డులోకి వెళ్లాక వయసు కలిసొచ్చింది. 500 ఎంఎల్ సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, మామూలు సెలైన్ గొట్టంలో 20 చుక్కలకు ఒక ఎంఎల్, మరి నిమిషానికి ఎన్ని చుక్కలు? పక్కనున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు కాగితం వెతికేలోపు 21 అని చెప్పేదాన్ని. ఎన్నేళ్లు చెప్పిన లెక్కలు! నరం దొరక్క ఏడ్చే ముసలమ్మ చేయి పట్టుకొని "ఏ ఊరమ్మా మీది?" అని మాట కలపడం మాత్రం ఏ పుస్తకమూ నేర్పలేదు.

నైట్ డ్యూటీ సంగతి దాచను. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. మా అత్తమ్మ పిల్లలకు తోడు పడుకోకపోతే నా చదువు రెండో ఏడే ఆగిపోయేది. అందుకే చెల్లెను ఫీజు గురించి కాదు, "రాత్రి ఇంట్ల ఎవరుంటరు?" అని ముందు అడిగాను.

పనికోసం పట్నం పోవాల్సిన అవసరం ఇప్పుడు తగ్గింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటి వెంట పెద్ద దవాఖానలూ దగ్గరికొచ్చాయి. జీఎన్ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ కూడా చేయొచ్చు.

ఇంట్లో తోడుంటే జీఎన్ఎమ్మే మేలని నా మాట. మూడేళ్లు నెట్టుకురాలేని వాళ్లు, 35కి దగ్గర పడ్డవాళ్లు కనీసం ఏఎన్ఎంలో చేరాలి. ఎందుకంటే ఏఎన్ఎం పాసైనవాళ్లకు తర్వాత జీఎన్ఎంలో చేరడానికి వయసు అడ్డు రాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది ఆగిపోయారో!

చెల్లె వాళ్లమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది, పిలిపించుకుంటానంది. జీఎన్ఎంకు ఇంటర్‌లో 40 శాతం ఉండాలి. మార్కుల మెమో పెట్టె అడుగున ఎక్కడో ఉందట, వెతికి రేపు పట్టుకొస్తానని పోయింది.