ఒకేసారి ఖాళీ చేయాలా, కొద్దికొద్దిగా తగ్గించాలా?

ఇంట్లో సామాను తగ్గించుకోవాలనుకునే వారి ముందు రెండు దారులుంటాయి. మొదటిది, రెండు మూడు రోజులు పూర్తిగా కేటాయించి అన్నీ బయటికి తీయడం. వేర్వేరు అరల్లో దాగిన బట్టలన్నీ ఒకే గుట్టగా పోస్తే ఎన్ని పోగుపడ్డాయో కళ్లారా తెలుస్తుంది. ఆ విస్మయమే సగం పని చేయిస్తుంది. అయితే సాయంత్రానికి మనసు అలసిపోతుంది. అప్పటి నిర్ణయాల్లో తొందరపాటు ఎక్కువ.

రెండోది, రోజుకొక సొరుగు. నెమ్మదిగా సాగుతుంది, మధ్యలో ఆగిపోయే ప్రమాదమూ ఉంది. అయినా నా ఓటు దీనికే. మనదైన వస్తువుకు మనం ఎక్కువ విలువ కడతాం. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, కాఫీ కప్పు అందుకున్నవారు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కొనేవారు ఇస్తామన్న ధరకు రెట్టింపు కంటే ఎక్కువే ఉంది. అప్పుడే చేతికొచ్చిన కప్పు మీదే అంత మమకారం ఉంటే, ఏళ్ల తరబడి మనతో ఉన్న వస్తువుల సంగతి వేరే చెప్పాలా! ఆ పట్టు సడలడానికి సమయం కావాలి. తేల్చుకోలేని వాటిని పెట్టెలో సర్ది, పైన తేదీ రాసి, కొన్ని నెలలు కంటికి కనబడకుండా ఉంచవచ్చు. వెతుక్కోవలసిన అవసరమే రాకపోతే ఇచ్చేయడం తేలిక.

ఇల్లు మారే గడువు దగ్గరపడితే మాత్రం మొదటి దారే మేలు. అప్పుడు కూడా ఉత్తరాలు, పాత ఫోటోలు చివరికి ఉంచుకోండి. ఇంట్లో మరొకరి వస్తువులను వారిని అడగకుండా ముట్టుకోవద్దు.