హూలాక్ గిబ్బన్ రైలు పట్టాలు దాటాలంటే తాడు వంతెనా, చెట్లా?

అస్సాంలోని హొల్లొంగాపార్ అభయారణ్యాన్ని రైలు పట్టాలు చీల్చేశాయి. అక్కడ చెట్ల మీద బతికే వానరం హూలాక్ గిబ్బన్‌. దీనికి తోక ఉండదు. బరువు 6–9 కిలోలే. పొడవాటి చేతులతో కొమ్మలు పట్టుకుని ఊగుతూ పోతుంది, నేలకు దిగడం అరుదు. మగది నలుపు, ఎదిగిన ఆడది లేత గోధుమ రంగు.

తాడు వంతెన త్వరగా కట్టొచ్చు, కానీ అలవాటు కావాలి. చైనాలోని హైనాన్ దీవిలో 2015లో సుమారు 15 మీటర్ల ఖాళీ మీద కట్టిన తాళ్లను అక్కడి గిబ్బన్లు వాడటానికి 176 రోజులు పట్టింది. అదీ ఊగుతూ కాదు, ఎక్కువగా ఒక తాడు మీద నడుస్తూ, రెండోది పట్టుకుని! ఎండావానలకు తాడు పాడవుతుంది, తనిఖీ తప్పదు.

చెట్లయితే దారితోపాటు తిండీ దొరుకుతుంది, కాకపోతే కొమ్మలు కలవడానికి ఏళ్లు పడుతుంది. పట్టాల మీద కరెంటు తీగలుంటే కొమ్మలు కొట్టేయక తప్పదు. అందుకే మొక్కలు ఈ ఏడే నాటి, అవి ఎదిగేదాకా తాళ్లు ఉంచడం మేలు.