పక్క తడిపే పిల్లలకు అలారం: మా వాడికి వాడాక నా రివ్యూ

ముందే సూటిగా చెప్పేస్తాను. పక్క తడవడం మొదలవగానే మోగి పిల్లాణ్ని లేపే ఈ అలారం పనిచేస్తుంది, కానీ పిల్లాడికి తగిలించేసి మనం నిద్రపోతే పనిచేయదు. రాత్రిపూట వెంటనే లేవగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నారా, రెండు మూడు నెలల పాటు విసుక్కోకుండా లేస్తారా అన్నది ముందు తేల్చుకోండి, ఏ కంపెనీది కొనాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

మా వాడికి ఎనిమిదేళ్లు. పగలు ఏ ఇబ్బందీ లేదు, రాత్రి మాత్రం పొడిగా లేచిన రోజులు చిన్నప్పటి నుంచీ తక్కువే. పెళ్ళిళ్లలో అందరూ జంపఖానాలు పరుచుకుని వరసగా పడుకుంటారు కదా, అక్కడ వాణ్ని పడుకోబెట్టలేక ఎంత రాత్రయినా సరే ఇంటికి బయల్దేరేవాళ్లం, వాడి ఈడు పిల్లలు ఉండిపోరా అని చెయ్యి పట్టుకుని లాగుతుంటే వాడు ఏమీ మాట్లాడకుండా చెప్పులు వేసుకునేవాడు. సలహాలకి మాత్రం కొదవ లేదు. నిప్పుతో ఆడనివ్వద్దన్నారు, నువ్వులుండలు పెట్టమన్నారు, తాయెత్తు కట్టించమన్నారు, అవన్నీ ప్రేమతో చెప్పినవే కాబట్టి ఊరుకున్నాను. రెండు తగిలిస్తే వాడే మానేస్తాడన్న మాటకి మాత్రం ఊరుకోలేకపోయాను. నిద్రలో తనకి తెలియకుండా జరిగేదానికి పిల్లాణ్ని కొడితే వాడు నేర్చుకునేది భయమే తప్ప ఇంకేం ఉండదు.

కొనేముందు పిల్లల డాక్టరుకి చూపించండి, ఇది మాత్రం దాటేయకండి. మా డాక్టరుగారు మూత్రపరీక్ష రాశారు, మలబద్ధకం ఉందా అని అడిగారు, బడిలో నీళ్లు తాగుతున్నాడా అని అడిగారు. నేను పక్క తడపడం గురించి వెళ్తే ఆవిడ మోషన్ గురించి అడుగుతున్నారేంటా అనుకున్నాను, లోపల మలం గట్టిపడి పేరుకుపోతే అది మూత్రసంచిని నొక్కుతుందట, ఆ ఒక్కటి సరిచేస్తేనే కొందరు పిల్లలకి తగ్గిపోతుందట. పగలు కూడా బట్టలు తడుస్తున్నా, పాస్ పోసేటప్పుడు మంట అంటున్నా, విపరీతంగా దాహమేసి బరువు తగ్గుతున్నా, గట్టిగా గురక పెడుతున్నా, ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న పిల్లాడు ఉన్నట్టుండి మళ్లీ మొదలుపెట్టినా అలారం కోసం వెతకడం ఆపి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగర్, ఇన్ఫెక్షన్ లాంటివి అలా బయటపడతాయి.

అవేవీ లేకపోతే ఇది జబ్బు కింద లెక్క కాదు. 5 ఏళ్ల లోపు దీన్ని అసలు సమస్యగానే చూడరు, ఏడేళ్ల పిల్లల్లో కూడా పదిమందిలో ఒకరి దాకా ఉంటుంది. రాత్రిళ్లు మూత్రం తయారీని తగ్గించే వాసోప్రెసిన్ అనే హార్మోన్ కొందరిలో చాలినంత రాదు, కొందరి మూత్రసంచిలో ఎక్కువ పట్టదు, వీటికి తోడు సంచి నిండిందన్న కబురు మెదడుకి అందినా ఈ పిల్లలకి మెలకువ రాదు. వంశంలో కూడా వస్తుంది. డాక్టరుగారు ఇంట్లో ఎవరికైనా ఉండేదా అని అడిగారని ఇంటికొచ్చి చెప్తే, అప్పుడు అత్తయ్య "వాళ్ల నాన్నకీ మూడో క్లాసు దాకా ఉండేదమ్మా, మీ మామయ్యగారు రోజూ బొంత ఎండేసేవారు" అన్నారు. మా ఆయన ఆ సంగతి తనే వాడికి చెప్పారు. "నిజంగానా నాన్నా, నువ్వు కూడానా?" అని వాడు రెండుసార్లు అడిగాడు. అలారం పెట్టుకుంటానని ఒప్పుకున్నది ఆ మాట విన్నాకే, పిల్లాడు ఒప్పుకోకుండా దీన్ని మొదలుపెట్టడం దండగ.

ఇక వస్తువు సంగతి. మేం తీసుకున్నది క్లిప్పు, వైరు ఉన్న రకం. భుజం దగ్గర టీషర్టుకి చిన్న డబ్బా, అక్కణ్ణుంచి టీషర్టు లోపలగా కిందికి సన్నటి వైరు, వైరు చివర క్లిప్పు. ఆ క్లిప్పుని డ్రాయరుకి తడి మొదట తగిలే చోట పెట్టాలి. రెండు లోహపు బిళ్లల మధ్య బట్ట తడవగానే డబ్బా మోగుతుంది, వణుకుతుంది, లైటు కూడా వెలుగుతుంది. షాక్ కొడుతుందేమోనని అత్తయ్య మొదట గొడవపెట్టారు, లోపల ఉండేది చిన్న పెన్సిల్ బ్యాటరీలే కాబట్టి ఆ భయం అక్కర్లేదు. వైరు లేని రకం కూడా ఉంది, మోగే పెట్టె దూరంగా బల్ల మీద పెట్టుకోవచ్చు, ధర ఎక్కువ. మూడోది పక్క మీద పరిచే చాప రకం, ఒంటికి ఏదీ తగిలించుకోనని మొండికేసే పిల్లలకి అదే దారి, కాకపోతే తడి బట్ట దాటి చాప దాకా రావాలి కాబట్టి ఆలస్యంగా మోగుతుంది, మా వాడిలా మంచమంతా దొర్లేవాళ్లు చాప మీద ఉండరు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1904లో ఫౌండ్లర్ అనే ఆస్ట్రియా పిల్లల డాక్టరు, ఆస్పత్రిలో పిల్లలు పక్క తడిపితే నర్సులకి తెలియడానికి గంట మోగే ఏర్పాటు చేస్తే, ఆ పిల్లల్లో కొందరికి తడపడమే తగ్గిందట. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దాన్ని పద్ధతిగా పరీక్షించి రాశారు. ఇంత పాతది, మందు లేనిది, మన దగ్గర మాత్రం చాలామంది తల్లిదండ్రులకి ఇలాంటిది ఒకటుందని కూడా తెలియదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి రాత్రుల్లో మా ఇంట్లో అందరూ లేచారు, చెల్లెలు కూడా లేచి ఏడ్చింది, వాడు మాత్రం చెవి పక్కనే అది అరుస్తుంటే కదలకుండా పడుకున్నాడు. ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లలో చాలామంది ఫిర్యాదు ఇదే, "మా బాబు లేవట్లేదు, వేస్ట్" అని. లేవకపోవడమే కదా అసలు సమస్య, మొదట్లో లేవరు, అప్పుడు లేపాల్సింది మనమే. మోగిన వెంటనే పరుగెత్తి వాణ్ని కూర్చోబెట్టి, తడి చేత్తో మొహం తుడిచి, పూర్తిగా మెలకువ వచ్చిందో లేదో చూడ్డానికి "రేపు ఏ వారం నాన్నా?" అని అడిగేదాన్ని. "హోంవర్క్ అయిపోయింది" అనేవాడు. మళ్లీ అడిగితే కళ్లు నులుముకుని "గురువారం" అనేవాడు, అప్పుడు బొటనవేలితో వాడి చేతే బటన్ నొక్కించి బాత్రూమ్‌కి నడిపించేదాన్ని. ఎత్తుకుని తీసుకెళ్లకూడదు, మనమే అలారం ఆపేయకూడదు. మిగిలిన పాస్ అక్కడ పోయించి, డ్రాయరు మార్చి, క్లిప్పు తుడిచి మళ్లీ తగిలించి పడుకోబెట్టాలి. ఇదంతా అర్ధరాత్రి, మర్నాడు ఆఫీసు, బడి అన్నీ ఉంటాయి. మా ఆయనా నేనూ రోజు మార్చి రోజు వంతులు వేసుకున్నాం కాబట్టి నెట్టుకొచ్చాం, ఒక్కరే చేయాలంటే చాలా కష్టం, చంటిపిల్లలున్న ఇంట్లో అయితే కొన్నాళ్లు ఆగమనే చెప్తాను.

పక్క వేయడంలో ఒక ఉపాయం ఉంది. రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, మళ్లీ ఇంకో రబ్బరు షీటు, ఇంకో దుప్పటి ముందే పరిచేయండి. తడిస్తే పై రెండూ లాగేస్తే చాలు, కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది, ఆ నిద్రమత్తులో బీరువా దగ్గరికి వెళ్లి దుప్పట్లు వెతుక్కోనక్కర్లేదు.

పడుకున్న రెండు గంటలకి మనమే లేపి పాస్ పోయించే అలవాటు చాలా ఇళ్లలో ఉంటుంది, అలారం వాడుతున్నప్పుడు అది మానేయమన్నారు డాక్టరుగారు. సంచి నిండినప్పుడు మోగి లేవడమే పాఠం, మనం ముందే ఖాళీ చేయిస్తే పాఠమే జరగదు. సాయంత్రం నీళ్లు బంద్ చేయడం కూడా కాదు. పగలు బాగా తాగించాలి, బడిలో బాత్రూములు బాగోవని పిల్లలు బాటిల్ నిండుగానే తిరిగి తెచ్చేసి, ఇంటికొచ్చాక దాహంతో లీటరు తాగేస్తారు, మా వాడూ అంతే. ఆ లెక్క మార్చాం, సాయంత్రం పూట టీ, కూల్‌డ్రింక్ మానిపించాం, పడుకునేముందు పాస్ పోయడం తప్పనిసరి చేశాం. క్యాలెండర్ మీద స్టార్ పెట్టడం కూడా పొడిగా ఉన్నందుకు కాదు, మోగగానే లేచినందుకు, పొడిగా ఉండడం వాడి చేతిలో లేదు, లేవడానికి ప్రయత్నించడం మాత్రం వాడి చేతిలో ఉంది.

మార్పు ఒక్కసారిగా రాదు, దాన్ని గుర్తుపట్టడం తెలియాలి. మొదట మా వాడి తడి మచ్చ చిన్నదయింది, దుప్పటంతా తడిసేది కాస్తా డ్రాయరు దాటకుండా ఆగేది. తర్వాత అర్ధరాత్రి మోగేది తెల్లవారుజాముకి జరిగింది. నెల తిరిగాక ఒక రాత్రి నేను గదిలోకి వెళ్లేసరికి వాడే కూర్చుని బటన్ కోసం భుజం మీద తడుముకుంటున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాలుగు వారాలు వాడినా ఇలాంటి మార్పు ఒక్కటీ కనిపించకపోతే మళ్లీ డాక్టరుని అడగాలి, కనిపిస్తే మాత్రం వదలకుండా వాడాలి. వరసగా 14 రాత్రులు పొడిగా ఉంటే నెగ్గినట్టు లెక్క. సరిగ్గా వాడితే ముగ్గురిలో ఇద్దరి దాకా పిల్లలకి ఫలితం ఉంటుందంటారు, అందులో కొందరు తామే లేచి వెళ్తారు, చాలామందికి లేవాల్సిన పనే లేకుండా తెల్లారేదాకా ఆగుతుంది. మా వాడు రెండో రకం.

ఇప్పుడు లోపాలు. ఎండాకాలంలో చెమటకే మోగుతుంది, వంటి మీద తగలకుండా క్లిప్పుని రెండు డ్రాయర్ల మధ్య పెట్టాక మాకు అది తగ్గింది. వదులుగా ఉండే డ్రాయరుకి పెడితే క్లిప్పు ఊడిపోయి, తడిసినా మోగదు, బిగుతుగా ఉండే కాటన్‌ది కావాలి. వైరుకి టీషర్టు లోపల రెండు చోట్ల టేపు అంటించకపోతే నిద్రలో లాగేసుకుంటారు. మాకొచ్చిన మొదటి పీసుకి క్లిప్పు స్ప్రింగు వదులు, మార్చి ఇవ్వడానికి అమ్మినవాళ్లు చాలా తిప్పారు. శబ్దం తగ్గించుకునే వీలు ఉంది కానీ తగ్గిస్తే వాడు లేవడు కాబట్టి మాకు ఉపయోగపడలేదు, చెల్లెల్ని కొన్నాళ్లు అత్తయ్య గదిలో పడుకోబెట్టాం.

మాత్రలు వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. డెస్మోప్రెసిన్ అని ఉంది, డాక్టరు రాస్తేనే వాడాలి, త్వరగా పనిచేస్తుంది, ఊరెళ్లినప్పుడు బాగా అక్కరకొస్తుంది, ఆపితే మాత్రం ఎక్కువమందికి మళ్లీ మొదలవుతుంది. అది వేయడానికి గంట ముందు నుంచి, వేశాక 8 గంటల పాటు నీళ్లు బాగా తగ్గించాలి, లేకపోతే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి పక్కింటి పిల్లాడి చీటీ చూసి కొనకండి. అలారంతో నెమ్మదిగా వచ్చిన ఫలితం ఎక్కువగా నిలబడుతుంది. తిరగబెట్టేవాళ్లూ ఉంటారు, వాళ్లకి మళ్లీ మొదలుపెట్టొచ్చు, రెండోసారి త్వరగా పట్టుబడుతుందట. మాకు 14 పొడి రాత్రులు అయ్యాక డాక్టరుగారు పడుకునేముందు అరగ్లాసు నీళ్లు అదనంగా ఇచ్చి ఇంకొన్నాళ్లు వాడమన్నారు. ఒకటి రెండు సార్లు మోగింది, ఆ తర్వాత మోగలేదు.

డబ్బు విషయంలో నాకు బాధ లేదు, పెద్ద సైజు డైపర్ల ఖర్చు పక్కన పెట్టి చూస్తే ఇది త్వరగానే గిట్టుబాటవుతుంది. కొనేముందు సెన్సర్ వైరు విడిగా దొరుకుతుందా అని అమ్మేవాళ్లని అడగండి, ముందు పాడయ్యేది అదే. మూత్రం ఉప్పుకి క్లిప్పు బిళ్లలు నల్లబడతాయి, రోజూ పొద్దున్న తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, డబ్బాని మాత్రం నీళ్లలో ముంచకండి. వాడకం అయిపోయాక బ్యాటరీలు తీసి దాచండి, మేం అలాగే దాచి ఈ మధ్యే మా ఆడపడుచు కూతురికి కొత్త వైరు కొని ఇచ్చాం.