హర్లింగ్ కర్రకు నాలుగున్నర, బంతికి మూడు

అయిదు మార్కులకు నేను వేసినవి ఇవి. మా తమ్ముడు డబ్లిన్ నుంచి వస్తూ ఐర్లాండ్ వాళ్ల కర్రా బంతీ ఆట హర్లింగ్‌కు వాడే కర్ర ఒకటి, బంతి ఒకటి తెచ్చిపెట్టాడు. కర్రకు నలభై యూరోల చిల్లర అయిందట, మన లెక్కలో నాలుగు వేల పైమాటే. గుంటూరు పిల్లలకు హాకీ నేర్పుతూ తల నెరిసినదాన్ని, ఊరికే వచ్చింది కదా అని మార్కులు కలపను.

కర్ర ఆష్ చెట్టుది. మాను అడుగున, వేరు వైపు తిరిగే చోట కోస్తారు. వెలుగులో పెట్టి చూస్తే చెక్కలోని చారలు పిడి వెంట తిన్నగా దిగి, కింది వెడల్పు భాగంలో తామే వంపు తిరుగుతాయి. గట్టి దెబ్బకు తట్టుకునేది అందుకే. కొస చీలకుండా సన్నని రేకు పట్టీ బిగించారు. మా పిల్లలు చూడగానే అట్లకాడ అన్నారు, కాదనలేకపోయాను. హాకీ కర్రతో ఒకవైపే కొట్టాలి, దీనితో రెండు వైపులా కొట్టవచ్చు. అర మార్కు కోసింది పిడి చుట్టు వల్ల. మే నెలలో మా ఊరి బీఆర్ స్టేడియానికి తీసుకెళితే కాసేపటికే చెమటకు జారిపోయింది. పైన బ్యాడ్మింటన్ రాకెట్ టేపు చుట్టాక కుదిరింది.

బంతి లోపల బెండు, పైన తోలు, కుట్టు వెంట ఉబ్బెత్తు అంచులు. బరువు 110 నుంచి 116 గ్రాములు, హాకీ బంతి కన్నా బాగా తేలిక. పచ్చిక మీద ఆడాల్సినది కాబట్టి మన గట్టి నేల మీద ఆ అంచులు తొందరగా అరిగాయి.

పేరున్న హర్లింగ్ ఆటగాడు హెన్రీ షెఫ్లిన్ ఆటను ఫోనులో ఎన్నిసార్లో చూశాను కానీ, అతని పనితనం ఎంతటిదో ఈ కర్ర పట్టాకే తెలిసింది. ఫ్రీ హిట్ కొట్టేటప్పుడు బంతిని చేత్తో ముట్టుకోకూడదు. నేల మీది బంతిని కర్ర కొసతో పైకి లేపి, కిందపడేలోగా కొట్టాలి. నేను లేపితే ఒకసారి మోకాలి దాకా, ఇంకోసారి ముక్కు మీదికి వస్తుంది. ఈ మనిషి ఐర్లాండ్‌లోని కిల్కెన్నీ కౌంటీ జట్టుకు 1999 నుంచి 2014 వరకు 71 ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు ఆడి 27 గోల్స్, 484 పాయింట్లు కొట్టాడు. గోల్‌కు 3 పాయింట్లు, గోల్ స్తంభాల మధ్య అడ్డు కర్ర పైనుంచి దాటిస్తే 1.

2012 ఆల్ ఐర్లాండ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో గాల్వే కౌంటీతో స్కోరు సమంగా ఉండగా, ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ దొరికింది. గోల్‌కు పోకుండా పైనుంచి కొట్టి ఒక్క పాయింటు తీసుకున్నాడు. గాల్వే చివర్లో సమం చేసింది. తప్పు పట్టినవాళ్లు ఉన్నారు. హాకీ మనిషిగా నేనూ గోల్‌కే కొట్టేదాన్ని. కానీ గోల్ గీత మీద ముగ్గురు ఇలాంటి కర్రలు పట్టుకుని నిలబడి ఉంటే? నా ఓటు అతనికే. మళ్లీ ఆడిన మ్యాచ్ కిల్కెన్నీ గెలిచింది, అతనికది తొమ్మిదో ఆల్ ఐర్లాండ్ పతకం. 2014లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి పదోది అందుకున్నాడు. అంతకుముందు పది ఎవరికీ లేవు.

మెచ్చనిదీ ఒకటుంది. 2010 సెమీఫైనల్లో మోకాలి లిగమెంటు తెగితే, కొన్ని వారాలకే ఫైనల్లో దిగి పావుగంట కూడా నిలవలేక బయటికొచ్చాడు. దాన్ని ధైర్యం అనేవాళ్లు అననీ, మా పిల్లలెవరైనా అలా దిగుతానంటే గేటు దగ్గరే ఆపేస్తాను. పైగా ఆ ఆటకు జీతాలు లేవు, అతను బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఆడినవాడు.

తెప్పించుకునేవారు కొలత చూసుకోండి. నిటారుగా నిలబడి పక్కన ఆనిస్తే కర్ర పైకొస తుంటి ఎముక దగ్గరికి రావాలి, నాకు 33 అంగుళాలది సరిపోయింది. బంతులు రెండు మూడు అదనంగా చెప్పండి. హెల్మెట్ కూడా తెప్పించండి, ఐర్లాండ్‌లో 2010 నుంచి పెద్దవాళ్లకు సైతం అది తప్పనిసరి.