కోర్టు దుబాసీ: ప్రమాణం చాలా, పరీక్ష ఉండాలా?

బోనులో సాక్షి "మొన్న మా ఇంటికొచ్చాడండీ" అన్నాడనుకోండి. మొన్న అంటే నిన్నటికి ముందురోజా, ఈమధ్య ఎప్పుడోనా? దాన్ని జడ్జికి మరో భాషలో చెప్పాల్సింది దుబాసీ. రెండు భాషలూ గడగడా మాట్లాడేవాడు కూడా ఆ టెన్షన్‌లో ఏదో ఒకటి చెప్పేస్తాడు. పని తెలిసిన దుబాసీ ఆగి, జడ్జి అనుమతి తీసుకుని, ఏ రోజో సాక్షినే అడుగుతాడు. దుబాసీలను ఎంచే పద్ధతుల్లో ఈ తేడాను పట్టుకునేదే నా దృష్టిలో మేలైనది.

మన దేశంలో 1969 నాటి ప్రమాణాల చట్టం దుబాసీ చేత ప్రమాణం చేయిస్తుంది. క్రిమినల్ కేసుల విచారణ ఎలా జరగాలో చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 317వ సెక్షన్ ఉన్నదున్నట్టు చెప్పాలంటుంది. నిజం చెప్పమనడమే తప్ప, చెప్పడం వచ్చా అని రెండూ అడగవు. ఆదిలాబాద్ కోర్టులో గోండీ తెలిసిన మనిషి దొరకడమే గొప్ప, పరీక్ష కూడానా అనేవాళ్ళుంటారు. ఆ మాటను కొట్టిపారేయలేను.

అమెరికా 1978లోనే ఫెడరల్ కోర్టు దుబాసీల కోసం చట్టం చేసింది. మౌఖిక పరీక్షలో 80 శాతం రావాలి. మాట పూర్తయ్యాక చెప్పడం, మాటతోపాటే చెప్పుకుపోవడం, చేతికిచ్చిన కాగితాన్ని అక్కడికక్కడే చదివి వినిపించడం, మూడూ చూస్తారు. గట్టి పరీక్షే, కానీ ఇప్పుడది స్పానిష్‌కే. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టుల్లో పంజాబీకి పూర్తి పరీక్ష ఉంది, పాసైతే "సర్టిఫైడ్" అంటారు. తెలుగుకు అది లేదు. మనవాళ్ళు రాతపరీక్ష రాసి, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ బాగా మాట్లాడగలమని చూపిస్తే "రిజిస్టర్డ్" అవుతారు. తెలుగు వచ్చని తేలుతుంది సరే, "మొన్న" దగ్గర ఆగుతాడో లేదో తేలదు.

ఆస్ట్రేలియాలో 1977 నుంచి దుబాసీలకు పరీక్ష పెట్టి గుర్తింపునిచ్చే "నాటి" (NAATI) అనే సంస్థ ఉంది. (మనవాళ్ళకు "నాటి" అంటే అక్కడ శాశ్వతంగా ఉండటానికి కావాల్సిన పీఆర్ కోసం ఐదు పాయింట్లిచ్చే సీసీఎల్ అనే భాషా పరీక్ష. అది పాసైనంత మాత్రాన దుబాసీలైపోరు!) అసలు దుబాసీ పరీక్ష వేరు. ముందు వృత్తి నీతి మీద వడపోత, తర్వాత సంభాషణను అటూ ఇటూ చెప్పించే పరీక్ష. తెలుగుకూ ఉంది. తొలి మెట్టులో మాటతోపాటే చెప్పుకుపోవడాన్ని పరీక్షించరు, అదొక వెలితి. అయినా నా ఓటు దీనికే, చూసేది దుబాసీ పనినే కాబట్టి.

అమెరికాలో కోర్టు మెట్లెక్కాల్సి వస్తే మాత్రం "రిజిస్టర్డ్", "సర్టిఫైడ్" ఒకటే అనుకోకండి. మీరు తికమకగా ఏదైనా అన్నప్పుడు దుబాసీ ఆపి అడుగుతున్నాడా చూడండి. ఒక్కసారీ అడక్కపోతే మీ లాయరు చెవిన వెయ్యండి.