మే 28 కాగితం వెనుక తిప్పి చూశాను

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర స్టేషనరీ షాపులో 180 రూపాయలకు కొన్నాను, రోజుకో కాగితం చింపే క్యాలెండర్. ముందువైపు తిథి, రాహుకాలం. వెనుక ఆ తేదీన జరిగిన సంగతులు, పుట్టినవాళ్ల పేర్లు.

కొనగానే మే 28 తీశాను, మా చిన్నోడి పుట్టినరోజు. ఎన్టీఆర్ 1923, సావర్కర్ 1883. అంతే! 1896లో అదే రోజు పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఏరీ? పాలమూరు మనిషి, 1926లో గోలకొండ పత్రిక పెట్టినాయన. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవుల పద్యాలతో 1934లో సంచిక వేసి జవాబిచ్చినాయన. పాలమూరులో అమ్మే క్యాలెండర్‌లో ఆయనకు ఒక్క లైను దొరకలేదా? పెన్నుతో నేనే రాసిపెట్టాను. కాగితం మరీ పలచన, ఇంకు అటువైపు దిగి రాహుకాలం మీద మరక పడింది.

అక్షరాలు మాత్రం పెద్దవి, అమ్మ అద్దాలు లేకుండానే చదువుతోంది. చింపిన కాగితాలు మా చిన్నోడు దాస్తున్నాడు, పారేయనివ్వడు. అయిదుకు మూడు స్టార్లు.